వేలిముద్రగాళ్ళం

మా తాత భూమి కాయితాల మీద వేలిముద్ర వేసేడు, చదువు రాక. మా నాన్న సంతకం పెట్టేడు, వంశధార అంత పొడుగు సంతకం, ఏడో క్లాసు దాకా చదివేడు మరి. మొన్న సెలవుల్లో మా తొమ్మిదేళ్ళ గుంటడు పది వేళ్ళూ మెషీన్ మీద పెట్టి ముద్రలు వేసేడు, తనకి చదువు ఎటునుంచి ఎక్కుతుందో తెలుసుకోడానికి. మూడు తరాల్లో మా వంశం ఎంత ముందుకెళ్ళిందో మీరే లెక్కేసుకోండి.

సంగతేటంటే బరంపురంలో ఉండే మా తోడల్లుడు ఆ మెషీన్ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. రేటు ఐదు వేలు, మనవాళ్ళం కాబట్టి నాలుగున్నర. వేలి గీతలూ మెదడూ రెండూ తల్లి కడుపులో ఒకే టైంలో తయారవుతాయంట, అందుకని వేళ్ళు చూస్తే బుర్రలో ఏముందో తెలిసిపోద్దంట. "కనుబొమ్మలు కూడా కడుపులోనే వస్తాయి కదేటి, మరి వాటినెందుకు కొలవలేదు?" అంది మా ఆవిడ. ఆవిడకి సైన్స్ మీద గౌరవం ముందునుంచీ తక్కువే.

నలభై పేజీల స్పైరల్ రిపోర్టు వచ్చింది. మా వాడి లెర్నింగ్ స్టైలు కైనెస్థెటిక్ అంట, అంటే ఒళ్ళు కదిపితే గాని చదువు ఎక్కని రకం. నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగేయి. మూడేళ్ళుగా మేం దాన్ని అల్లరి అనుకున్నాం. ట్యూషన్ మాస్టారు "వీడికి కుదురు లేదండీ" అని నెలనెలా చెప్తూనే ఉన్నారు గానీ ఆయన ఊరికే చెప్పేరు కాబట్టి నమ్మబుద్ధి కాలేదు.

పిల్లాడితోపాటు తండ్రికి ఫ్రీ అంటే నా వేళ్ళు కూడా పెట్టేను. నేను ఆడిటరీ అని తేలింది, చెవిన పడితే తప్ప బుర్రకెక్కదు. ఆ రోజు నుంచి కరెంటు బిల్లు, స్కూలు సర్క్యులరు, సంత సరుకుల చీటీ, ఏదీ నేను చదవడం లేదు, మా ఆవిడ చదివి వినిపించాలి, అదీ మెల్లగా. ఆవిడ మాత్రం వేలు ఇవ్వలేదు. అంచేత పాపం ఏ స్టైలూ లేకుండా ఇంట్లో పనులన్నీ తనే చేసుకుంటోంది.

మీరు నవ్వే ముందు ఈ స్టైళ్ళ గోత్రం తెలుసుకోవాలి. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన స్కూళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం చేసి, 1992లో జనాన్ని నాలుగు రకాలుగా విడదీసేడు: చూసి నేర్చుకునేవాళ్ళు, వినేవాళ్ళు, చదివి రాసేవాళ్ళు, ఒళ్ళు కదిపేవాళ్ళు. నాలుగంటే మన నాలుగు వర్ణాల్లాగ తేలిగ్గా గుర్తుంటాయి. కానీ జనం అక్కడ ఆగరు కదా. 2004లో బ్రిటన్‌లో కొందరు కూచుని లెక్కపెడితే ఇలాంటి స్టైళ్ళ పద్ధతులే 71 తేలేయి. పన్నెండు రాశులు దాటీసేం, ఇరవైయేడు నక్షత్రాలు దాటీసేం, 108 నక్షత్ర పాదాలకి ఇంకా 37 తక్కువ, అంతే. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ టీచర్లని అడిగితే ఎవరి స్టైల్లో వాళ్ళకి చెప్తే బాగా ఎక్కుతుందన్నది నిజమేనని నూటికి తొంభై మందికి పైగా అన్నారు. ప్రజాస్వామ్యంలో ఇంకేం కావాలి?

అయినా పానకంలో పుడక లాగ 2008లో నలుగురు అమెరికా సైకాలజిస్టులు బయల్దేరేరు. వాళ్ళ పేచీ ఇది: చూసేవాళ్ళలో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో పాఠం చెప్పండి, వినేవాళ్ళకీ అలాగే చెయ్యండి, అందరికీ ఒకే పరీక్ష పెట్టండి, ఎవరి స్టైలు వాళ్ళకి దొరికినప్పుడే మార్కులు పెరిగితే ఒప్పుకుంటాం అని. అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా తిరగేస్తే అలా నిలబడే రుజువు పెద్దగా కనపడలేదంట. పిల్లలకి ఇష్టాలుంటాయి, అది ఎవరూ కాదనలేదు, కానీ ఇష్టమైంది పెడితే ఎక్కువ ఒంటికి పడుతుందని తేలలేదు. మా ఆవిడ దీన్ని ఒక్క ముక్కలో తేల్చీసింది, "వాడికి కుర్‌కురే ఇష్టం, అందుకని వాడిది కుర్‌కురే పొట్ట అంటామా?" అని. చూసేరా, రుజువుల గోలలో పడితే మనిషి మాట ఎంత మోటుగా తయారవుతుందో.

ఇక మా ఊరి సంగతి చెప్పకపోతే పాపం తగుల్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరేరు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకుందామనుకున్నారు. ఆయన్ని తల్చుకుంటే నాకు జాలేస్తుంది, ఆయన వేళ్ళు ఎవరూ స్కాన్ చెయ్యలేదు. చేసుంటే, పుస్తకాల మనిషి కదా, చదివి రాసే టైపు అని వచ్చేది, సవరకి అప్పటికి లిపే లేదు, చదవడానికి పుస్తకం లేదు, వెతకడానికి నిఘంటువు లేదు, "సార్, ఈ సబ్జెక్టు మీ స్టైలుకి సరిపడదు" అని ఎవరో ఒకరు మంచి మాట చెప్పి ఇంటికి పంపించీసేవారు, ఆయన ఆ ముప్పై రూపాయలూ తీసుకుని సాయంత్రాలు మహేంద్రతనయ ఒడ్డున హాయిగా గాలి పీల్చుకునేవారు. రిపోర్టు లేకపోబట్టి ఏం చేసేరు, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. అది ఎంత దూరం పోయిందంటే 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యే దాకా పోయింది. లేని నిఘంటువు ఆయనే రాసుకోవలసి వచ్చిందన్న మాట. ఎంత శ్రమ!

సరే, ఆయన కూడా నాలాగే ఆడిటరీ అనుకుందాం. మరి ముఖలింగం గుడి శాసనాలు కూడా సొంతంగా చదవడం నేర్చుకున్నారే? రాయి మాట్లాడదు. ఆడిటరీ మనిషయితే గోడకి చెవి ఆనించి కూచోవాలి. నాకర్థమైంది ఏటంటే ఆయనకి అసలు స్టైలే లేదు, శాసనం దగ్గర కళ్ళు వాడేరు, లిపి లేని భాష దగ్గర చెవి వాడేరు, ఎదురుగా ఏ సరుకుంటే దానికి తగ్గ పనిముట్టు తీసేరు. వ్యక్తిత్వం అంటూ ఒకటి ఉన్న మనిషి చేసే పని కాదది.

మా వాడి విషయంలో ఆ పొరపాటు జరగనివ్వకూడదనుకున్నాను. ఒళ్ళు కదలాలి కాబట్టి పదమూడో ఎక్కం మేడ మెట్ల మీద మొదలెట్టేం, ఎక్కాలు కదా, ఎక్కితేనే వస్తాయని. మెట్టుకో లెక్క. వారానికల్లా గుంటడు కింద మెట్టు నుంచి పై మెట్టు దాకా గడగడా అప్పచెప్పీసేడు, నేను వీడియో తీసి బరంపురం పంపేను, తోడల్లుడు దాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం తింటుంటే వాళ్ళమ్మ "పదమూడు ఏడ్లెంతరా?" అంది. వాడు చెయ్యి కడుక్కుని, కిందకి దిగి, మొదటి మెట్టు నుంచి ఎక్కుకుంటూ వచ్చి, ఏడో మెట్టు మీంచి "తొంభైయొకటి" అని అరిచేడు. పరీక్ష హాల్లో మెట్లు ఉండవు. ఇది స్కూలు వాళ్ళ లోపం, దీని గురించి ఒక అర్జీ రాయించే ఆలోచనలో ఉన్నాను.

ఈ మెట్ల జబ్బు మా ఇంట్లోదే కాదంట. 2007లో అమెరికాలోనే ఒక ప్రయోగం చేసేరు, ఘనపరిమాణం లెక్కలు కొందరికి ఒక రకం అయ్యేక ఇంకో రకం వరసగా ఇచ్చేరు, కొందరికి అన్నీ కలిపీసి ఇచ్చేరు. ప్రాక్టీసులో వరసవాళ్ళకి 89 శాతం, కలిపినవాళ్ళకి 60. వారం పోయేక పరీక్ష పెడితే వరసవాళ్ళకి 20, కలిపినవాళ్ళకి 63. ఇప్పుడు మీరు ట్యూషన్ సెంటర్ పెట్టుకున్నారనుకోండి, సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రికి 89 చూపిస్తారా 60 చూపిస్తారా? వారం తర్వాత వచ్చే 20 ఎలాగూ గుంటడి ఖాతాలోనే పడుతుంది.

ఇంకోటి 2006లోది. ఒక గుంపు పాఠాన్ని రెండుసార్లు చదివింది, రెండో గుంపు ఒకసారి చదివి కాయితం మీద గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచెయ్యి, 81కి 75. వారం తర్వాత మాత్రం తిరగబడింది, చదివినవాళ్ళు 42, గుర్తు తెచ్చుకున్నవాళ్ళు 56. ప్రభుత్వానికి నా సూచన సింపుల్: పరీక్షలు చదివిన ఐదు నిమిషాలకే పెట్టించండి. ఇంత తేలికైన దారి వదిలి, పుస్తకం మూసుకోండి, గుర్తు తెచ్చుకోండి, నాలుగు రోజులాగి మళ్ళీ తెచ్చుకోండి అని పిల్లల్ని ఏడిపించడం దేనికి? అందులో సుఖం లేదు, పైగా రాలేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది, పరువు తక్కువ. రంగు పెన్నుతో గీసుకుంటే ఆ బాధ ఉండదు, మా వాడి సైన్స్ పుస్తకం శుక్రవారం గడపలాగ పసుపుతో కళకళలాడుతోంది, తీసి చూస్తే చదివిన మనిషి పుస్తకంలాగే ఉంటుంది. అయినా "పుస్తకం మూసి చెప్పరా" అనడానికి మెషీన్ అక్కర్లేదు, ఫ్రాంచైజీ ఎవడిస్తాడు, మా తోడల్లుడు ఏం తింటాడు?

మొన్న పాతపట్నం వెళ్దామని ఆటో ఎక్కేను. డ్రైవరు నాతో తెలుగు, ముందు కూచున్నామెతో ఒడియా, మూటలతో ఎక్కిన సవర ఆడవాళ్ళతో సవర, ఫోన్లో ఎవడితోనో హిందీ. ఇలాంటి కేసు రిపోర్టుకి పనికొస్తుందని "నీ లెర్నింగ్ స్టైలేటి?" అని అడిగేను.

"అది మన బండికి ఇంకా రాలేదు బాబూ, ఆర్టీవో వాళ్ళు అడుగుతున్నారేటి?"

"అది కాదయ్యా, ఇన్ని భాషలు ఎలగొచ్చేయి నీకు?"

"మొదట్లో సవరలో పది అనబోయి ఇరవై అనీసేను, ఎక్కినోళ్ళందరూ దిగిపోయేరు. మర్నాటికి అంకెలన్నీ వచ్చీసేయి."

నేను మా వాడి రిపోర్టు గురించి, నా రిపోర్టు గురించి వంతెన దాటేదాకా చెప్పేను. అతను శ్రద్ధగానే విన్నాడు.

"నలభై పేజీలా! బాబుగోరు అంతా చదివీసేరా?"

"ఎలా చదువుతానయ్యా, నేను ఆడిటరీ."

"మరి అమ్మగోరు చదివి వినిపించలేదా?"

వినిపించింది. ఇరవైమూడో పేజీ దాకా వచ్చి ఆపీసింది. అక్కడ మా వాడిని "మీ అమ్మాయి" అని రాసేరు.