ఇస్కూలు అంటే మనకు నవ్వు, ఎస్త్రెస్ వాళ్లకు నిఘంటువు పదం

పరాయిదాన్ని స్పానిష్ చేసుకోవడానికి ఆ భాషలో ఒకటి కాదు, మూడు క్రియలున్నాయి: ఇస్పానిసార్, ఎస్పాన్యోలిసార్, కాస్తెయానిసార్. మనుషుల మీద ప్రయోగిస్తే ఈ మాట గుచ్చుకుంటుంది. 2012 అక్టోబరులో స్పెయిన్ విద్యామంత్రి హోసే ఇగ్నాసియో వెర్ట్, సొంత భాష ఉన్న కాటలోనియా ప్రాంతపు విద్యార్థులను 'ఎస్పాన్యోలిసార్' చేయాలన్నదే తమ ఉద్దేశమని పార్లమెంటులో అన్నారు. కాటలోనియా భగ్గుమంది. ఆ గొడవ అలా ఉంచితే, ఇదే పనిని మాటల మీద స్పానిష్ ఎంత ఓపికగా చేస్తుందో చూడాలి.

స్పానిష్ మాట 'స్', దాని వెంటనే మరో హల్లుతో మొదలవదు. నోరు ముందుగా ఒక 'ఎ' పెట్టుకుంటుంది. లాటిన్ 'స్కోలా' ఎస్కువేలా అయింది ఇలాగే. నిన్నమొన్న వచ్చిన ఇంగ్లిష్ మాటలదీ అదే దారి: స్ట్రెస్ ఎస్త్రెస్ అయింది, స్లోగన్ ఎస్లోగన్ అయింది, స్కానర్ ఎస్కానెర్ అయింది. మన ఊళ్లలో ఇస్కూలు, ఇస్టేషను అనేవాళ్ల నోరు చేసేదీ సరిగ్గా ఇదే పని. కాకపోతే, 1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ ఆ అచ్చును తన నిఘంటువులో అచ్చేసింది. మనం దాన్ని సినిమాలో పల్లెటూరి పాత్రకు వదిలేశాం.

అలాగని విన్నది విన్నట్టు రాసేస్తే సరిపోదు. అసలు చిక్కు ఊనికతో, అంటే మాటలో నొక్కి పలికే చోటుతో వస్తుంది. 'న్', 'స్' కాక వేరే హల్లుతో ముగిసే మాటకు స్పానిష్‌లో ఊనిక చివర పడుతుంది. స్పెయిన్‌వాళ్లు ఫుత్‌బోల్ అనేటప్పుడు 'ఫు'ను నొక్కుతారు కాబట్టి, రాతలో ఆ 'ఉ' మీద గీత పెట్టి తీరాలి. మెక్సికోవాళ్లు 'బోల్'ను నొక్కుతారు, వాళ్లకు గీత అక్కర్లేదు. రెండూ ఒప్పే. మీటింగ్ నుంచి వచ్చిన 'మితిన్' (రాజకీయ సభ) ఇంకా తమాషా. 'న్'తో ముగుస్తుంది కాబట్టి ఊనిక దానంతటదే 'మి' మీద పడుతుంది, గీత వద్దు. బహువచనంలో 'మితినెస్' కాగానే లెక్క మారి ఊనిక 'తి' మీదికి జరగబోతుంది. దాన్ని ఆపడానికి మొదటి 'ఇ' నెత్తిన గీత రావాలి. ఏకవచనంలో లేని గీత బహువచనంలో ఎందుకనుకునేవాళ్లు జారేది ఇక్కడే.

ఫ్రెంచి నుంచి వచ్చిన 'కార్నెట్' (స్పానిష్‌లో గుర్తింపు కార్డు) చివరి 'ట్'ను ఫ్రెంచివాళ్లు రాస్తారే గానీ పలకరు. స్పానిష్ దాన్ని రాతలోనూ కోసేసి 'కార్నే' అంది. దాంతో బహువచనమూ తేలికైంది. 'కార్నెట్స్' ఆ నోటికి ఇబ్బంది, 'కార్నేస్' హాయి.

క్రియల దగ్గర మాత్రం వాళ్లది మనకంటే దూకుడు. మనం స్కాన్ పక్కన 'చేశాను' తగిలించి ఊరుకుంటాం. వాళ్లు చివర 'ఎయార్' చేర్చి ఎస్కానెయార్, చాతెయార్, తుయితెయార్ అని సొంత క్రియలే తయారుచేసి, కాలాలన్నిటిలో నడిపిస్తారు.

అకాడమీ చెప్పిందల్లా చెల్లిందనుకుంటే పొరపాటు. విస్కీకి మొదట 'గుయిస్కి' అని పలికే వర్ణక్రమం ఇచ్చింది. జనం మొహం చాటేశారు. 2010 వర్ణక్రమ గ్రంథంలో 'డబ్ల్యూ', 'కె' ఉంచి ఇంకోలా సూచించినా అదే గతి. నా దృష్టిలో కారణం సీసానే: బడిలో ఎలా నేర్పినా, కళ్లముందు లేబుల్ మీద ఇంగ్లిష్ స్పెల్లింగే కనిపిస్తుంది.

అనువాదం సంగతి మరీ అనుమానం. బాస్కెట్‌బాల్‌కు 'బాలోన్‌సెస్తో' (బంతి, బుట్ట) స్పెయిన్‌లో నిలబడింది, మనకు 'విమానం' అనే మాట నిలబడినట్టు. 1908లో పత్రికారచయిత మరియానో దె కావియా ఫుట్‌బాల్‌కు 'బాలోంపియే' (బంతి, పాదం) ప్రతిపాదించారు. అప్పటికే ఇంగ్లిష్ మాట మైదానాల్లో పాతుకుపోయింది, కొత్తది మన 'దూరవాణి' మాటలా వాడకం లేకుండా మిగిలిపోయింది. సెవియా నగరంలోని రియల్ బెతిస్ క్లబ్బు పేరులో మాత్రం బాలోంపియే ఇప్పటికీ ఉంది. ఆ జట్టు అభిమానులు కూడా చూడ్డానికి వెళ్లేది ఫుత్‌బోలే.