తిన్నింటి వాసాలు ఎవరు లెక్కపెట్టారట?

మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఇది నాలుగోసారి రావడం. మొదట రాజాంలో ఉన్నవాడు పంపాడు. తర్వాత ఇంకొకడు, వారం తిరక్కుండా మరొకడు. మధ్యలో విజయనగరం నుంచి మా తోడల్లుడు విడిగా పంపి "చదివావా?" అని ఫోను కూడా చేశాడు. నిన్న నాలుగోసారి పంపిన మహానుభావుడు పైన ఒక వాక్యం చేర్చాడు: "చివరిదాకా చదవండి, కళ్ళు తెరుచుకుంటాయి." చదివాను, తెరుచుకున్నాయి. రాత్రి మూసుకుందామంటే మూతపడలేదు. అందుకే ఇది.

అదృష్టవశాత్తూ మీకు అది రాకపోతే, అందులో ఉన్నది ఇదీ. "2024లో మనం ఎందుకు ఓడిపోయాం? ఎవరూ చెప్పని ఆరు నిజాలు." ఒకటి, తటస్థ ఓటరు అనేవాడు లేడు, టీవీవాళ్ళ కల్పన. రెండు, ఈవీఎంలు. మూడు, అవతల ముగ్గురు కలిశారు కాబట్టి లెక్క తేలింది, అంతకుమించి ఏమీ లేదు. నాలుగు, పథకాలు తిన్న జనం తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు. అయిదు, వలసపోయినవాళ్ళకి డబ్బిచ్చి, బస్సులు పెట్టి రప్పించారు. ఆరు, మనం మెతకగా ఉన్నాం, ఇకమీదట గట్టిగా ఉండాలి.

ఇది 2024 ఆంధ్ర ఎన్నికల్లో ఓడిన ఫ్యాను గుర్తు (వైసీపీ) అభిమాని రాసినది. 2019లో ఓడాక జూన్‌లో సైకిలు (టీడీపీ) మిత్రులు పంపినది కూడా నాకు గుర్తుంది. అప్పుడు పసుపు-కుంకుమ తిన్నారని, ఇప్పుడు అమ్మ ఒడి తిన్నారని. తిండి మారింది గానీ తిట్టు మారలేదు. నన్ను మాత్రం ఏ పార్టీ అని అడక్కండి. ఇటూ వేశాను, అటూ వేశాను, ఒకసారి ఎటు వేశానో మా ఆవిడకి కూడా చెప్పలేదు.

రెండోదాన్ని ముందు వదిలించుకుందాం. ఫ్యానుకి 151 ఎమ్మెల్యేలను ఇచ్చినవీ ఈవీఎంలే, 11 ఇచ్చినవీ ఈవీఎంలే. 2019లో వాటి మీద అనుమానపడ్డది అవతలివాళ్ళు. చాలు.

ఇక మొదటిది. తటస్థ ఓటరు లేడట. ఒరేయ్, శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని ఈ ముక్క ఎలా ఫార్వర్డ్ చేశార్రా? 2019 ఏప్రిల్ 11న ఒకే బూతులో, ఒకే క్యూలో నిలబడి, ఒకే చూపుడు వేలికి సిరా పూయించుకుని రెండు ఓట్లు వేశాం. శ్రీకాకుళం పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీలు. పలాస, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట, ఈ అయిదూ ఫ్యానుకి పోయాయి. సైకిలుకి దక్కినవి ఇచ్ఛాపురం, టెక్కలి. ఎంపీగా మాత్రం సైకిలు మీద రామ్మోహన్ నాయుడు 6,653 ఓట్ల తేడాతో గట్టెక్కాడు. రాష్ట్రంలో 25 ఎంపీ సీట్లలో 22 ఫ్యానుకి పోయిన రోజున! మరి అక్కడ ఒక గుర్తు, ఇక్కడ ఇంకో గుర్తు నొక్కినవాడు ఎవడు? టీవీవాళ్ళు కల్పించి పంపారా?

అలా నొక్కినవాళ్ళలో నరసన్నపేట పక్క మా చిన్నత్త ఒకతె. ఎందుకత్తా అంటే, "పైన ఆ బాబు బాగానే మాట్లాడతన్నాడు గదా, ఉండనీ. ఇక్కడోళ్ళని మాత్రం మార్చాల" అంది. అయిదో క్లాసు చదివింది. రెండు గంటల టీవీ చర్చలో నలుగురు అరిచి చెప్పలేనిది వక్క నములుతూ చెప్పింది. ఆమెకి అభిప్రాయం లేదనుకుంటే మన ఖర్మ. అభిప్రాయం ఉంది, దాన్ని ఒక జెండాకి తాకట్టు పెట్టలేదు, అంతే.

అయిదేళ్ళు తిరిగేసరికి ఆ 6,653 కాస్తా మూడు లక్షల ఇరవై ఏడు వేలు దాటింది. ఉమ్మడి శ్రీకాకుళంలో పది, ఉమ్మడి విజయనగరంలో తొమ్మిది, మొత్తం 19 అసెంబ్లీ స్థానాలు. 2019లో ఫ్యానుకి 17. 2024లో సున్నా. లేని ఓటరు భలే పని చేశాడు.

మూడోదాంట్లో కొంత నిజం ఉంది, కాదనను. ముగ్గురూ విడిగా పోటీ చేసి ఉంటే అంత ఊడ్చేసేవారు కాదు. కానీ కూడిక రాకపోతే ఎలా? 2019 పార్లమెంటు ఓట్లే తీసుకోండి. ఫ్యానుకి దాదాపు 50 శాతం. సైకిలుకి 40, గ్లాసుకి (జనసేన) ఆరు కూడా లేదు, కమలానికి (బీజేపీ) ఒకటి. అవతలి ముగ్గురినీ కలిపినా 47. అంటే 2019లోనే జట్టు కట్టినా ఓడేవారు. 2024లో ఫ్యానుకి వచ్చింది 39.6. ఆ పది శాతం పొత్తు వల్ల పుట్టలేదు, ఇటు నుంచి లేచి అటు నడిచింది. ఇంకో చిత్రం చూడండి. 2019లో 40 శాతంతో సైకిలుకి ముగ్గురు ఎంపీలు. 2024లో 40 శాతంతో ఫ్యానుకి నలుగురు. ఎండొచ్చినా వానొచ్చినా కదలని నలభై ఎటైనా ఉంటుందన్నమాట. అధికారం ఇచ్చేదీ తీసేదీ ఆ మిగతా పదీ పదిహేనూ. మెసేజ్ రాసినాయన లేదంటున్నది సరిగ్గా వాళ్ళనే.

అయిదోది నాకు కోపం తెప్పించింది. వలస కూలీ ఓటు అమ్ముకోవడానికి వచ్చాడట. విశాఖలోనో హైదరాబాదులోనో చెన్నైలోనో సెంట్రింగు పని చేసుకునేవాడు రెండు రోజుల కూలి వదులుకుని, జనరల్ బోగీలో నిలబడి పలాసలో దిగుతాడు. ఛార్జీలు ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఒక పార్టీయే ఇచ్చిందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి. ఇదే కూలి 2019లోనూ వచ్చాడు. అప్పుడు మీరు గెలిచారు కాబట్టి అది ప్రజాచైతన్యం అయింది.

సరే, నాలుగోది. అసలు నన్ను కూర్చోబెట్టింది ఇదే. తిన్నింటి వాసాలు.

మెసేజ్‌లో పలాస పేరు ప్రత్యేకంగా ఎత్తారు. ఉద్దానానికి వంశధార నీళ్ళు తెచ్చాం, 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టాం, 2023 డిసెంబర్ 14న ప్రారంభించాం, అయిదు నెలలకే ఓడించారు, కృతఘ్నులు అని.

ముందు నేను ఒకటి ఒప్పుకోవాలి. ఆ నీళ్ళూ ఆ ఆసుపత్రీ మంచి పనులు. ఉద్దానంలో ఇంటికొకరు చొప్పున కిడ్నీలు పోగొట్టుకుంటుంటే ఏళ్ళ తరబడి కమిటీలు వచ్చి నీళ్ళ సీసాలు పట్టుకుపోవడమే చూశాం. ఇది కూడా శంకుస్థాపన రాయితో ఆగిపోతుందని ఇదే గ్రూపులో ఎకసెక్కం ఆడినవాణ్ణి నేను. తప్పే. పింఛను ఇంటికి తెచ్చివ్వడం కూడా అంతే. ఒకటో తారీఖున తెల్లారకుండానే తలుపు కొట్టి ముసలమ్మ చేతిలో డబ్బు పెట్టడం చిన్న విషయం కాదు.

కానీ ఇదే పలాసలో అంతకు ముందు ఏమైంది? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి, జీడి తోటలు నేలకి కరుచుకున్నాయి. అప్పటి ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేసి పనులు చూశాడు. ఆర్నెల్లకి ఎన్నికలు. పలాసలో సైకిలు ఓడింది. పసుపు-కుంకుమ కింద డ్వాక్రా ఆడవాళ్ళకి పదేసి వేలు, పింఛను వెయ్యి నుంచి రెండు వేలు, అన్నీ ఎన్నికల ముందే చేతికందాయి. ఓడింది. అంటే రెండు పార్టీలూ పెట్టాయి, రెండూ ఓడాయి. పలాసవాళ్ళు ఇద్దరికీ కృతఘ్నులేనా, లేక మీ ఇద్దరి లెక్కలోనే ఎక్కడో తేడా ఉందా?

నాకు కనబడిన తేడా చెప్తాను. పథకానికీ గడపకీ మధ్య ఒక మనిషిని నిలబెట్టారు. సైకిలు హయాంలో జన్మభూమి కమిటీలు. పింఛను అర్హత కాగితంలో కాక కమిటీవాళ్ళ దయలో ఉందని ఊళ్ళు గొణిగాయి. ఫ్యాను వచ్చి వాటిని తీసేసి వాలంటీర్లను పెట్టింది. వాళ్ళలో చాలామంది మంచి పిల్లలే. కానీ ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఏమొస్తుంది, ఎవరు ఎటు అన్నదంతా తెలిసిన కుర్రాడు నెలనెలా గుమ్మంలో నిలబడితే, "ఈసారి కూడా మనకే గదా పిన్నీ" అని నవ్వుతూ అన్నా అది అడగడం కాదు. పిన్ని కూడా నవ్వుతుంది. "మీకే బాబూ" అంటుంది. అది విని మీరు సర్వే రాసుకున్నారు.

మా బంధువుల్లో ఒకావిడకి వితంతు పింఛను ఎనిమిది నెలలు ఆగింది. ఏ ప్రభుత్వంలోనో చెప్పను, చెబితే రెండోవాళ్ళు పండగ చేసుకుంటారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆగిన కారణమల్లా, ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళి ఆమె "దండం పెట్టలేదు". చివరికి వచ్చింది. వచ్చాక ఆ పెద్దమనిషే "మావల్లే వచ్చిందమ్మా" అన్నాడు. ఆమె డబ్బు తీసుకుంది, ఎన్నికల రోజు పొద్దున ఏడు గంటలకే క్యూలో నిలబడింది. వాసాలు లెక్కపెట్టడం కాదురా అది. ఆ ఇల్లు తనదే అని గుర్తు చేయడం.

దీనికి తోడు ఫ్యాను హయాంలో పాసుపుస్తకం. తాతల నాటి భూమికి ఇచ్చిన పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ, సర్వే రాళ్ళ మీదా అదే సంబరం. భూమి హక్కుల మీద తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి అవతలివాళ్ళు గోరంతలు కొండంతలు చేశారు, నిజమే. కానీ ఆ భయం అంటుకోవడానికి గడ్డి పేర్చింది ఎవరు? అర ఎకరం జీడితోట ఉన్నవాడికి సర్వే మీద పేచీ లేదు. పుస్తకం మీద తన బొమ్మ ఉండాలి, లేకపోతే ప్రభుత్వ ముద్ర ఉండాలి. మీ బొమ్మ ఎందుకు అన్నాడు. దానికి జవాబు రాలేదు, "నువ్వు పచ్చ బ్యాచ్" అని వచ్చింది.

వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నారని అటు వేసినవాళ్ళు లేరా? ఉన్నారు. మూడు వేల పింఛను నాలుగు వేలు అవుతుందంటే ముసలాడు ఆలోచించడా? తటస్థుడంటే సన్యాసి అని నేనెప్పుడన్నాను?

ఆరోదానికి వస్తే, మెతకగా ఉండి ఓడారట. ఢిల్లీ సంగతి చూడండి. 2024లో కమలం నినాదం 400 దాటాలని. అంతకన్నా గట్టి గొంతు ఏముంటుంది? 303 నుంచి 240కి దిగింది. ఉత్తరప్రదేశ్‌లో 62 కాస్తా 33 అయ్యాయి. జనవరిలో అయోధ్య గుడి తెరిచారు, జూన్‌లో ఆ అయోధ్య ఉన్న ఫైజాబాద్ సీటే పోయింది. దేశం మొత్తం మీద తగ్గిన ఓటు ఎంతనుకున్నారు? ఒక్క శాతం కూడా లేదు. అంత పలచటి మనుషులు వాళ్ళు. మీ మైకు సౌండు పెంచితే వచ్చేవాళ్ళు కాదు, సౌండుకే వెళ్ళిపోయేవాళ్ళు.

అంతదూరం ఎందుకు, మా గ్రూపే ఉంది. 2018లో ఒకడు "ఇసుక ధర ఎందుకిలా ఉంది?" అని అడిగాడు. సైకిలు మిత్రులు వాణ్ణి జగన్ మనిషి అన్నారు. 2022లో వాడే "రోడ్డు మీద గోతులు ఎప్పుడు పూడుస్తారు?" అని అడిగాడు. ఫ్యాను మిత్రులు బాబు మనిషి అన్నారు. తిట్టినవాళ్ళలో నేను లేను. ఆపినవాళ్ళలోనూ లేను. ఆ రాత్రే వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పండగకి కనబడితే పిల్లల చదువులు, కొబ్బరికాయ ధర మాట్లాడతాడు. ఎవరికి వేశాడో మాలో ఒక్కడికీ తెలీదు.

నిన్నటి మెసేజ్ వాడికి మాత్రం వెళ్ళలేదు.