పరీక్ష పాసైతేనే బిల్లు: డిజిటల్ సేవల్లో వికలాంగులకు చోటు

2024 నవంబరు 8న చూపు లేని రాజీవ్ రాటూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక హైదరాబాద్ శ్రమ ఉంది. వికలాంగులకు సౌకర్యాలు ఎంతవరకు అందుతున్నాయో చూడమని కోర్టు కోరింది శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ అధ్యయన కేంద్రాన్నే. 2016 వికలాంగుల హక్కుల చట్టం తప్పనిసరి అన్న విషయాలను 2017 నిబంధనలు ఉత్త సలహాలుగా మార్చేశాయని కోర్టు తేల్చింది. మూడు నెలల్లో కచ్చితమైన ప్రమాణాలు తెమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. యాసిడ్ దాడి బాధితులు కెమెరా ముందు కన్నార్పమంటే ఆర్పలేక కేవైసీ (గుర్తింపు తనిఖీ) దగ్గరే ఆగిపోతున్నారన్న కేసులో 2025 ఏప్రిల్ 30న ఇంకా ముందుకెళ్ళి, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని చెప్పింది.

తీర్పులు స్పష్టంగానే ఉన్నాయి. మనకు పనితనమూ తక్కువేం కాదు. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో అమెరికా, యూరప్ క్లయింట్ల కోసం వెబ్‌సైట్లు చేసేవాళ్ళు వికలాంగులూ వాడగలిగేలా సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు పాటిస్తారు, ఎందుకంటే అక్కడ చట్టం ఊరుకోదు. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి బ్యాంకింగ్, ఆన్‌లైన్ అమ్మకాల వంటి సేవలూ వికలాంగులకు అందేలా ఉండడం తప్పనిసరి అయింది. మన జనం వాడే సైట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల కనపడదు. అడిగేవాళ్ళు లేకపోవడమే కారణమని నా అభిప్రాయం.

తెలుగు పేజీల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. జీవోను ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. చూపు లేని మనిషి ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఒక బొమ్మ మాత్రమే, అందులో చదవడానికి అక్షరం ఉండదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్ళది ఇంకో తిప్పలు. తెర మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే ఉంటాయి. స్క్రీన్ రీడర్ వాటినే గడగడా చదివేస్తుంది. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ గొడవే ఉండదు, పైగా వెతికితే దొరుకుతుంది కూడా. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక చిన్న మాట రాయకపోతే, తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ గొంతు అందుకుని పాడు చేస్తుంది. ఆ మాట రాయడానికి నిమిషం పట్టదు.

చూపు మందగించిన పెద్దవాళ్ళనూ తలుచుకోవాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు పెడతారు. అక్షరానికీ వెనకరంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రమాణం. తెలుగుకు అదొక్కటే చాలదు, సైజు కూడా పెరగాలి. చిన్న అక్షరాల్లో ఒత్తులు కలిసిపోతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. పైన ఓ మూల అక్షరాలు పెంచే, తగ్గించే బటన్లు పెట్టి, మా సైట్ అందరికీ అనుకూలం అని రాసుకుంటే సరిపోదు. ఫారంలో గడులకు పేర్లు లేకుండా, క్యాప్చా బొమ్మకు వినే దారి లేకుండా ఆ బటన్లు ఎవరికి ఉపయోగం?

ఖర్చవుతుందంటారు. మొదటి నుంచీ చూసుకుంటే అయ్యేది కొంచెమే, కట్టాక సరిచేయడానికే ఎక్కువ అవుతుంది. అందుకే సైట్‌ను వికలాంగులు వాడగలగాలన్న షరతు టెండర్‌లోనే ఉండాలి. సాఫ్ట్‌వేర్ టూల్ తప్పులన్నీ పట్టదు కాబట్టి, చూపు లేనివాళ్ళు, చేతులు సరిగా ఆడనివాళ్ళు, వినపడనివాళ్ళు తమ ఫోన్లలో దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసి చూపాలి. వాళ్ళకు ఆ పనికి జీతం ఇవ్వాలి. వాళ్ళు సరే అన్నాకే కంపెనీకి చివరి బిల్లు చెల్లించాలి. టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండనే ఉంటుంది, విండోస్ కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ అనేది ఉచితం. కాబట్టి పరికరాలు లేవన్న సాకు చెల్లదు.

అన్ని సైట్లూ ఒకేసారి బాగుపడాలని నేను అనడం లేదు. వికలాంగ ధ్రువపత్రం కోసం సదరం స్లాట్ బుకింగ్, పెన్షన్ దరఖాస్తు, విద్యార్థుల స్కాలర్‌షిప్ ఫారం, ఈ మూడింటితో ఈ ఏడాదే మొదలుపెట్టాలి.