సవరణ: సంకేతం అందితే సరిపోదు

మెదడు సహాయక కణాల మీద పెట్టిన క్రితం పోస్టులో "సంకేతం అందగానే నాడీ మూలకణం ఆస్ట్రోసైట్‌గా మారుతుంది" అన్న వాక్యం ఉంది (నాడీ మూలకణం అంటే మెదడు కణాలను పుట్టించే కణం, ఆస్ట్రోసైట్ అంటే న్యూరాన్లకు తోడుండే నక్షత్రాకారపు సహాయక కణం). దాన్ని "సంకేతం అంది, అందుకు కావలసిన జన్యువు కూడా తెరుచుకుని ఉంటే మారుతుంది" అని చదువుకోండి.

చిట్టెలుక పిండంలో పదకొండో రోజు ప్రాంతంలో తీసిన మూలకణాలకు ఎల్ఐఎఫ్ అనే సంకేత ప్రోటీన్ ఇచ్చినా అవి ఆస్ట్రోసైట్లు కావు. పద్నాలుగో రోజు కణాలు అవుతాయి. ఆస్ట్రోసైట్ల గుర్తు అయిన జీఎఫ్ఏపీ జన్యువు ముందుభాగంలో, ఎల్ఐఎఫ్ సంకేతాన్ని జన్యువు దాకా చేర్చే స్టాట్3 ప్రోటీన్ అతుక్కోవలసిన చోట, తొలి దశలో డీఎన్ఏ మీద మిథైల్ ముద్ర (ఆ ప్రోటీన్‌ను అతుక్కోనివ్వని రసాయన గుర్తు) ఉంటుంది. లోపల గడియ పెట్టిన తలుపును బయట ఎంత తడితే ఏం లాభం? తర్వాత ఆ ముద్ర తొలగుతుంది. ఇందులో ఎన్ఎఫ్ఐఏ అనే నియంత్రక ప్రోటీన్‌కు పాత్ర ఉంది. న్యూరాన్లు ముందు, ఆస్ట్రోసైట్లు తర్వాత పుట్టడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ముఖ్యమైనదే.

ఆ పోస్టులోని మరో మాట: ఓలిగ్2 అనే జన్యువు "ఓలిగోడెండ్రోసైట్ల (నాడీ తంతువులకు మయెలిన్ అనే కొవ్వు తొడుగు వేసే సహాయక కణాల) జన్యువు" మాత్రమే కాదు. వెన్నుపాములో అదే ముందు మోటార్ న్యూరాన్లనూ (కండరాలను కదిలించే నాడీ కణాలనూ) పుట్టిస్తుంది. మయెలిన్ తయారీకి సాక్స్10, మిర్ఫ్ అనే జన్యువులు కూడా కావాలి.

ఇక మైక్రోగ్లియాను (మెదడులోని రక్షక కణాలను) ఆ పోస్టులో ఇచ్చిన, నాడీ మూలకణాల నుంచి పుట్టే కణాల జాబితాలోంచి తీసేయండి. అవి నాడీ మూలకణాల సంతానమే కాదు, పిండపు సొన సంచి నుంచి వలస వస్తాయి.