అనువాదానికి 8 పాయింట్లేనా

మొన్న సెప్టెంబర్లో ఒక తల్లి ఫోన్ చేశారు. "మేడం, మీరైనా చెప్పండి మా పాపకి, కంప్యూటర్ సైన్స్ వదిలేసి ఇంగ్లీష్ మేజర్‌కి మారతానంటోంది, రేపెలా బతుకుతుందండీ" అని. గొంతు వణుకుతోంది ఆవిడకి. నేను ఆవిణ్ణి తప్పుపట్టను, ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్లో చెప్తున్నా. టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత, లేదు, లెక్చరర్ పోస్టు, కాంట్రాక్టు ఏ ఏడాదికి ఆ ఏడాదే. సెమిస్టర్‌కి నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి 22 మంది పిల్లలు, అందరికీ ఫ్రెష్‌మన్ కాంపొజిషన్, అంటే మొదటి ఏడాది వాళ్ళ వ్యాస రచన క్లాసు. ఒక్కొక్కళ్ళు నాలుగు వ్యాసాలు రాస్తే 352 వ్యాసాలు, ఒక్కోదానికి పావుగంట పెట్టినా 88 గంటలు ఒట్టి దిద్దుడికే పోతాయి, మధ్యలో చూసే డ్రాఫ్టులు ఈ లెక్కలో లేవు. దేశం మొత్తం మీద 2010 ప్రాంతంలో ఏటా 50 వేల మందికి పైగా ఇంగ్లీష్‌లో బ్యాచిలర్స్ పూర్తి చేసేవాళ్ళు, 2020 కల్లా అది 40 వేల లోపుకి పడిపోయింది. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్ రిటైరైతే చాలా చోట్ల ఆ జాగాలోకి నాలాంటి కాంట్రాక్టు మనిషిని తెస్తారు. ఇవన్నీ ఆవిడకి ఏదీ దాచకుండా చెప్పాను. కానీ పాపని ఆపమంటే మాత్రం నా వల్ల కాదండీ అన్నాను. ఎందుకన్నానో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇది రాస్తున్నా.

మన సాహిత్యం ఇంగ్లీష్‌లోకి ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో ఎప్పుడైనా చూశారా? నేను చూసినంతలో అందులో పెద్ద వాటా ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ల వాళ్ళదే. కందుకూరి తిట్టిపోసిన పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళనిని, 1911లో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించిన ఆవిడ కావ్యం 'రాధికా సాంత్వనం' లోంచి కొన్ని భాగాల్ని, ఇక్కడి అమెరికా పిల్లలు లైబ్రరీలో తీసి చదువుకోగలుగుతున్నారంటే దానికి కారణం హైదరాబాద్ సీఫెల్‌లో (ఇప్పటి ఇఫ్లూ, ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఇంగ్లీష్ చెప్పిన సూసీ తారు, ఆవిడతో పాటు కె. లలిత. వాళ్ళిద్దరూ కలిసి తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటాలూ 1991లో, 1993లో న్యూయార్క్‌లోనే అచ్చయ్యాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్పిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్లు మన కథలూ కవితలూ ఇంగ్లీష్‌లోకి తెచ్చారు. తెలుగు దళిత సాహిత్యం 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ద్వారా బయటికొచ్చిందంటే దాని సంపాదకుల్లో గీతా రామస్వామి, గోగు శ్యామల గార్లతో పాటు కాకతీయ యూనివర్సిటీ ఇంగ్లీష్ ప్రొఫెసర్ కె. పురుషోత్తం గారున్నారు. తెలుగులోనే రాసినవాళ్ళని చూసినా అంతే, బుచ్చిబాబు రేడియోలో చేరకముందు ఇంగ్లీష్ లెక్చరరే కదా. పగలు షేక్‌స్పియర్ చెప్పి రాత్రి తెలుగు రాసుకున్న మనుషులు మనకి చాలామంది ఉన్నారు. విశాఖపట్నంలో నా ఎం.ఏ. రోజుల్లోనూ అలాంటి మాస్టార్లే నాకు చదువు చెప్పారు.

ఇప్పుడు నా క్లాసు సంగతి. పోయిన స్ప్రింగ్‌లో ఎలాగో పోరాడి ఒక అనువాదం ఎలెక్టివ్ తెచ్చుకున్నా, 11 మంది చేరారు, అందులో ఈ పాప ఒకతి. వాళ్ళ అమ్మమ్మ వీడియో కాల్లో చెప్పిన పెళ్ళైన కొత్తలో కబుర్లు రికార్డు చేసుకుని తెచ్చింది. అందులో అత్తగారి మాట ఒకటి, "చనువిచ్చానని నెత్తికెక్కకు" అని. పాప 'ఫెమిలియారిటీ' అని పెట్టింది, అది ఆఫీసు మాటలా ఉంది. 'ఇంటిమసీ' అంటే వేరే అర్థం వస్తుంది, 'లిబర్టీ' అంటే తీసుకునేదే గానీ ఇచ్చేది కాదు, మరి మన చనువు ఒకళ్ళు ఇస్తేనే ఇంకొకళ్ళు తీసుకునేది, ప్రేమ ఉంటుంది, పెద్దరికమూ ఉంటుంది, ఇచ్చింది వెనక్కి లాక్కుంటానన్న బెదిరింపు కూడా ఉంటుంది. నలభై నిమిషాలు ఆ ఒక్క మాట మీదే గడిచాయి. పొలాల మధ్య పెరిగిన ఒక తెల్లబ్బాయి అన్నాడు, వాళ్ళ నానమ్మ ఇంట్లో అందరూ ముందు తలుపు నుంచి రావాలి, ఒకరిద్దరికి మాత్రం తలుపు కొట్టకుండా వంటింటి వైపు నుంచి రావచ్చట. పాప అది పట్టుకుని "వంటింటి తలుపు తీసి పెట్టాను కదా అని..." అన్న అర్థం వచ్చేలా ఆ వాక్యం మొత్తం తిరగరాసింది. అత్తగారి గొంతు వినపడింది ఆ ఇంగ్లీష్‌లో. ఆ పాప మేజర్ మార్చుకోవాలనుకున్నది ఆ రోజేనట, తర్వాత చెప్పింది.

ఇలాంటి పనికి దొరికే విలువ చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. నేనొక తెలుగు కథల సంపుటం అనువాదం చేసి వార్షిక రిపోర్టులో రీసెర్చ్ కింద చూపిస్తే కమిటీ దాన్ని తీసి 'సర్వీస్' కింద, అంటే డిపార్ట్‌మెంటుకి చేసే పైపనుల కింద, వేసింది, మూడేళ్ళ పని అది. అనువాదాన్ని పాండిత్యంగా లెక్కించి అంచనా వెయ్యండి అని ఇక్కడి భాషా సాహిత్య అధ్యాపకుల సంఘం మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అయినా చాలా చోట్ల అది కాగితం దాటి రాలేదు. ఇండియాలో అధ్యాపకుల పరిశోధనకి పాయింట్లు వేసే 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో అనువాద పుస్తకానికి 8 పాయింట్లు, సొంతంగా రాస్తే దేశంలోని ప్రచురణకర్తకి 10, అంతర్జాతీయ ప్రచురణకర్తకైతే 12. ఒక మాట కోసం నలభై నిమిషాలు కొట్టుకున్నవాళ్ళకి ఈ తేడా ఎందుకో ఎవరైనా చెప్పాలి.

సరే, యూనివర్సిటీల్ని మనం మార్చలేం, ఇక్కడి మన తెలుగు సంఘం మన చేతుల్లోనే ఉంది. కన్వెన్షన్‌కి గాయకుల్ని పిలుస్తాం, పిలవాలి, నేనూ ముందు వరసలో కూచుంటా. దానితో పాటు ఇంకొకటి చెయ్యమంటున్నా. ఒక సెక్షన్‌కి కాంట్రాక్టు వాళ్ళకిచ్చే జీతం చాలా చోట్ల ఐదు వేల డాలర్ల లోపే. ఆ డబ్బు సంఘం ఇస్తే ఒక మనిషి ఒక సెమిస్టర్ ఒక క్లాసు మానుకుని ఒక తెలుగు పుస్తకం మీద కూచోగలుగుతాడు. ఏడాదికి ఒక్కరికి చాలు. ఇంగ్లీష్ మేజర్ చేస్తున్న మన పిల్లలకి సావనీర్‌లో పది పేజీలు వదలండి, అమ్మమ్మల కబుర్లే అనువాదం చేస్తారు, తప్పులు నేను దిద్దుతా.

బడ్జెట్ మీటింగ్ జనవరిలో ఉంది. ఈ రెండూ అజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి మెయిల్ పంపించాను, నేనూ వస్తున్నా, పాపని కూడా తీసుకొస్తా, వాళ్ళమ్మగారు డ్రైవ్ చేస్తానన్నారు.