జ్ఞాన్ పోస్టు గారికి ఒక చిన్న ప్రచురణకర్త విన్నపం

మహారాజశ్రీ జ్ఞాన్ పోస్టు గారి సముఖమునకు,

2025 మే 1న తపాలా శాఖ ఇంట పుస్తకాలు చేరవేసే సేవగా తమరు జన్మించినందుకు, ఆలస్యంగానైనా, పుస్తకాలు అచ్చువేసి కట్టలు కట్టి ఊరూరికీ పంపుకొనే మా బోటివాళ్ల అభినందనలు. తమ పేరు వినగానే మేము కాస్త బెదిరిన మాట వాస్తవం. తమకు ముందు ఆ గద్దె మీద ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టు, లోపల ఉన్నది పుస్తకమైతే చాలునని తృప్తిపడి, అది జ్ఞానమో అజ్ఞానమో తేల్చుకునే పనిని చదువరికి వదిలేసేది. తమరు ఆ పరీక్షను కౌంటరు దగ్గరికే తెచ్చారు.

ఆ పెద్దమనిషి నిష్క్రమణ కూడా ఘనంగానే జరిగింది. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో 2023 నాటి చట్టం 2024 జూన్ 18న అమలులోకి వచ్చింది. దాని వెంట కొత్త నియమాలు వచ్చాయి, డిసెంబరు 18న రిజిస్టర్డ్ బుక్ పోస్టు కంప్యూటరు తెర మీది నుంచి మాయమైంది. పుస్తకాల కట్టలు మోసుకొని కౌంటరు దాకా వెళ్లినవారిలో పలువురికి ఆ వార్త అక్కడే తెలిసింది. మర్నాడు హైదరాబాదులో పుస్తక ప్రదర్శన మొదలైంది. కొన్నవాళ్లు ఎవరి సంచి వాళ్లు మోసుకుపోయే ఏర్పాటు ఉన్నందున అది జరిగినన్నాళ్లూ సాహిత్యం ఎలాగో చేతులు మారింది. ఆపైన తమరు పుట్టేవరకు నాలుగు నెలలకు పైగా, సుమారు 80 రూపాయలకు వెళ్లే అయిదు కిలోల కట్టను 229 రూపాయల రిజిస్టర్డ్ పార్శిలుగా పంపుకొన్నాము. ఆ మధ్యకాలంలో దేశంలో జ్ఞానం ఏ వాహనం మీద తిరిగిందో తమకే తెలియాలి.

ధరల విషయంలో తమ లెక్క మాకు బాగా నచ్చింది. పాత పద్ధతిలో పుస్తకానికి వంద గ్రాములకు ఒక రూపాయి, రిజిస్ట్రేషనుకు 17 రూపాయలు, పైన పన్ను. అంటే 300 గ్రాముల పొట్లానికి పన్ను కాక 20 రూపాయలు. తమరు వచ్చి, ఎంతో ఆలోచించి, 300 గ్రాముల వరకు పన్ను కాక 20 రూపాయలని నిర్ణయించారు. చంపి బతికించినా రూపం చెడలేదన్నమాట. అయిదు కిలోల దగ్గర మాత్రం పన్ను కాక వంద రూపాయలు అయ్యింది కాబట్టి, జ్ఞానం బరువెక్కేకొద్దీ దాని మీద తమకు గౌరవం పెరుగుతోందని గ్రహించాము.

ఇక్కడ కవుల తరఫున ఒక మనవి. మన భాషలో కవితా సంపుటి సాధారణంగా వంద, నూట యాభై గ్రాములు తూగుతుంది. కవిత్వంలో బరువు లేదని విమర్శకులు ఊరికే అంటున్నారనుకున్నాము గానీ, తమ మొదటి శ్లాబు చూశాక ఆ మాటలో ఆర్థికశాస్త్రం ఉందని తెలిసింది. ఎలాగూ 300 గ్రాములకు డబ్బు కడుతున్నాము కనుక, ఇకమీదట ప్రతి సంపుటికీ ముందుమాటలను నాలుగు నుంచి పదకొండుకు పెంచవలసిందిగా మా కవులను కోరుతున్నాము. రాసేవాళ్లకు కొరత లేదు.

ఇక అర్హతల సంగతి. గుర్తింపు పొందిన బోర్డుల, విశ్వవిద్యాలయాల పాఠ్యాంశాలకు సరిపడే పుస్తకాలు, పోటీ పరీక్షల సామగ్రి, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల పుస్తకాలు తమ దృష్టిలో జ్ఞానం. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. ఇందులో మాకు చిక్కులేదు. తెలుగు కవి తన పుస్తకాన్ని తానే వేసుకొని, ప్రచురణ సంస్థకు కూతురి పేరో తల్లి పేరో పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. సామాజిక విషయమనే షరతు కూడా పెద్ద కష్టం కాదు, వెనుక అట్ట మీద సామాజిక స్పృహ అనే మాట లేని సంపుటిని మేము ఇంతవరకు చూడలేదు. డిటెక్టివ్ నవలను ఏ గడిలో వేయాలన్నదే తేలడం లేదు. హత్య సామాజికమేనని వాదిస్తే కౌంటరులోని గుమాస్తా గారు ఒప్పుకుంటారా?

వాణిజ్య ప్రకటనలు కూడదన్నారు, పుస్తకాల జాబితా వంటివి తప్ప. మరి పంచాంగం మాటేమిటి? లోపల తిథి, వార, నక్షత్రాలు ఉంటాయి గనుక అది మతమూ అవుతుంది, సంస్కృతీ అవుతుంది. వెనుక అట్ట మీద నగల దుకాణం ప్రకటన ఉంటుంది గనుక వాణిజ్యమూ అవుతుంది. ఏటేటా వస్తుంది గనుక పట్టుబట్టి చూసేవారికి పత్రిక లాగానూ కనిపించవచ్చు. అట్ట చించి పంపుదామంటే సంవత్సరం పేరు పోతుంది. (విశ్వావసు నామ సంవత్సర ఉగాది 2025 మార్చి 30న, తమ జననానికి నెల ముందు వచ్చింది. ఆ ఏడాది పంచాంగాల్లో రాజపూజ్య, అవమానాలు యథాప్రకారం వేశారు గానీ తమ రాకను ఏ సిద్ధాంతి గారూ పసిగట్టినట్లు లేదు.)

పత్రికలను తమరు పూర్తిగా వెలివేశారు. నమోదైన పత్రికకు వేరే రాయితీ ఉన్న మాట నిజమే, చెప్పిన రోజున చెప్పిన ఆఫీసులో వేస్తేనే అది దక్కుతుంది. కానీ కడపలో ఉన్న పరిశోధక విద్యార్థి మూడేళ్ల కిందటి సాహిత్య మాసపత్రిక సంచికలు నాలుగు కావాలని అడిగితే, అవి తాజా పత్రికా కావు, తమ లెక్కలో పుస్తకమూ కావు. మాకు తోచిన ఉపాయం ఒక్కటే. పన్నెండు సంచికలను కుట్టించి, పైన గట్టి అట్ట వేసి, వ్యాస సంకలనమని పేరు పెడితే అదే కాగితం, అదే అచ్చు జ్ఞానమైపోతుంది. ఈ మార్పు ఏ కుట్టు దగ్గర సంభవిస్తుందో తమరు ఒక సర్క్యులరు ద్వారా తెలియజేస్తే బైండింగు చేసే ఆయనకు అంతవరకే కుట్టమని చెబుతాము. తమ ప్రయాణం నేలమార్గానే కనుక తొందర లేదు.

ఈ లేఖను తమకు తమ ద్వారానే పంపాలని ఆశపడ్డాము. ఇది పుస్తకం కాదు, ఏ సిలబసులోనూ లేదు. మామూలు కవరులో అయిదు రూపాయలతో పంపవచ్చు గానీ అందినట్లు రుజువు ఉండదు. రిజిస్టరు చేద్దామంటే ఆ రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైంది. అక్టోబరు 1 నుంచి అమలైన ధరల ప్రకారం 50 గ్రాముల లోపు పై ఊరి ఉత్తరానికి 47 రూపాయలు, చిరునామాదారు చేతికే ఇవ్వాలంటే రిజిస్ట్రేషనుకు మరో 5 రూపాయలు, రెండింటి మీదా పన్ను. ఒక కవితా సంపుటి పంపడానికి తమరు తీసుకునే దానికి ఇది రెండింతలకు పైమాట. అందుచేత దీనిని అచ్చు వేయించి, ముందూ వెనుకా అట్టలు చేర్చి, పదకొండు ముందుమాటలతో 300 గ్రాములకు నింపి పంపుతున్నాము. సామాజిక విషయం కింద స్వీకరించగలరు.

ఇట్లు
తమ విధేయుడు,
అయిదు కిలోలకు మించని ఒక ప్రచురణకర్త