కాపలా పనికి కనిపించని విమానమా?

2014 ఫిబ్రవరి 17 తెల్లవారుజాము. అడిస్ అబాబా నుంచి రోమ్ వెళ్లాల్సిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో కెప్టెన్ టాయిలెట్‌కని బయటికొచ్చాడు. కో-పైలట్ కాక్‌పిట్ తలుపు మూసేసుకుని విమానాన్ని స్విట్జర్లాండ్‌లోని జెనీవాకు మళ్లించాడు. లోపల 200 మందికి పైగా ఉన్నారు. ఇటలీ, ఫ్రాన్స్ ఫైటర్లు దాని వెంట ఎగిరాయి. స్విస్ ఫైటర్ ఒక్కటీ లేవలేదు. అప్పట్లో స్విస్ వైమానిక దళానికి ఇలా పైకి లేచి అడ్డుకునే డ్యూటీ ఆఫీసు వేళల్లోనే ఉండేది. ఉదయం 8కి మొదలు, మధ్యాహ్నం భోజన విరామం, సాయంత్రం 5కి ముగింపు!

ఎఫ్-18 ఫైటర్లు లేక కాదు, రాత్రి డ్యూటీకి మనుషులూ నిధులూ లేక. 15 నిమిషాల్లో లేచేలా రెండు సాయుధ విమానాలను 24 గంటలూ సిద్ధంగా ఉంచడం 2020 చివరికి గానీ సాధ్యపడలేదు.

యుద్ధాల్లో ఏ పక్షమూ చేరని స్విట్జర్లాండ్ లాంటి తటస్థ దేశానికి ఫైటర్లెందుకనే వాదనను మేం ఒప్పుకోం. తన నేలను యుద్ధంలో ఉన్న ఏ పక్షమూ వాడుకోకుండా చూసుకోవడం తటస్థ దేశం బాధ్యతని 1907 హేగ్ ఒప్పందం చెబుతోంది. 1940లో చొరబడిన జర్మన్ విమానాలను స్విస్ పైలట్లు కూల్చేశారు, అదీ జర్మనీ దగ్గర కొన్న మెస్సర్‌ష్మిట్ ఫైటర్లతోనే. పైకి లేచి అడ్డుకునేవాడు లేకపోతే తటస్థత కాగితం మీదే మిగులుతుంది.

కానీ ఈ కాపలాకు స్విట్జర్లాండ్ కొంటున్న అమెరికా ఫైటర్ ఎఫ్-35 అవసరమా? దారి తప్పిన విమానం పక్కకు చేరి, రెక్కలు ఊపి, పైలట్ కంటికి కనపడడమే ఇక్కడ పని. రాడార్‌కు చిక్కకపోవడం ఎఫ్-35 గొప్పతనం. మామూలు రోజుల్లో మాత్రం అది రాడార్‌కు కనపడేలా ఒంటి మీద చిన్న పరికరాలు బిగించుకుని ఎగురుతుంది. దాచుకోవడానికి కోట్లు పోసి, కనపడడానికి మళ్లీ ఏర్పాటు! కాపలాకు కావాల్సింది వేగం, ఎత్తుకు త్వరగా చేరడం, రాత్రంతా మేలుకునే సిబ్బంది.

యుద్ధానికి సిద్ధపడాలంటే అది వేరే లెక్క, దాన్ని ఆ పేరుతోనే అడగాలి. 600 కోట్ల ఫ్రాంకుల పరిమితితో ఫైటర్ల కొనుగోలుకు 2020 రెఫరెండంలో ఓటర్లు 50.1 శాతంతో సరేనన్నప్పుడు ఏ విమానమో తేలలేదు. మరుసటి ఏడాది 36 ఎఫ్-35లని తేల్చారు. 2025లో, ధర స్థిరం కాదని అమెరికా చెప్పాక, అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకులు కావాల్సి రావచ్చన్నారు. విడిభాగాలకూ సాఫ్ట్‌వేర్‌కూ ఏళ్ల తరబడి ఒకే దేశం మీద ఆధారపడడం తటస్థ దేశానికి చిన్న విషయం కాదు. కాపలాకు ఎంత, యుద్ధానికి ఎంత అన్న లెక్కను విడగొట్టి స్విస్ ప్రభుత్వం ప్రజల ముందు పెట్టాలి.